ఆరు రోజుల జిమ్ ప్లాన్ నిలబడటం లేదు. వెయిట్స్, కార్డియో వారంలో ఎలా సర్దుకోవాలి?

హెచ్‌ఎస్‌ఆర్_చిన్నోడు
జిమ్‌లో చేరి ఏడు వారాలైంది. వయసు 31, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 84 కిలోలు. ఉండేది బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, ఆఫీసు బెళ్ళందూరు దాటాక. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు వెళ్లాలి. సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి పని. రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువ వచ్చింది, బరువు తగ్గమని డాక్టరు చెప్పాక చేరాను.

చేరిన రోజే ట్రైనర్ ఒక కాగితం చేతిలో పెట్టాడు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్లు, శనివారం పొట్ట. ప్రతిరోజూ ముందు నలభై నిమిషాలు ట్రెడ్‌మిల్, ఆ తర్వాతే వెయిట్స్.

మొదటి రెండు వారాలు ఒక్కరోజు కూడా మానలేదు. మూడో వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పడింది, బుధ, గురువారాలు పోయాయి. శుక్రవారం వెళ్తే మిగిలిపోయిన భుజాలు చేయాలా, ఆ రోజు రాసి ఉన్న కాళ్లు చేయాలా తెలియలేదు. అప్పటి నుంచి అంతా కలగాపులగం. లెక్క చూసుకుంటే ఏడు వారాల్లో కాళ్ల రోజు మూడుసార్లే వచ్చింది. బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీద నుంచి బార్ పైకి నెట్టడం) 35 కిలోల దగ్గర ఆగిపోయింది. మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. ట్రైనర్‌ని అడిగితే "మీకు డిసిప్లిన్ లేదు సార్" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు జిమ్ వైపే వెళ్లబుద్ధి కాలేదు.

నాకు నిజంగా చేయగలిగిన ప్లాన్ కావాలి. వెయిట్స్ ఎన్ని రోజులు, కార్డియో ఎన్ని రోజులు, ఏది ముందు? వచ్చే ఏడాది టీసీఎస్ వరల్డ్ 10కె (ఇక్కడ జరిగే పది కిలోమీటర్ల పరుగు) పరిగెత్తాలని కూడా ఉంది.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
అదే కాగితం నాకూ ఇచ్చారు, వేరే ఏరియాలో, వేరే జిమ్‌లో. సోమవారం ఛాతీయే! అందుకే సోమవారం సాయంత్రం ఏ జిమ్‌కు వెళ్లినా బెంచ్ ఖాళీ ఉండదు, కాళ్ల పనికి వాడే స్క్వాట్ ర్యాక్ మాత్రం మన కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.

డిసిప్లిన్ మాట మనసులో పెట్టుకోకు. ఆఫీసు రోజుల్లో రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుని కూడా రెండు వారాలు ఆరేసి రోజులు వెళ్లావంటే అది తక్కువేం కాదు.

ఇనుపకడ్డీ
పన్నెండేళ్లుగా వెయిట్స్ చేస్తున్నాను, అందులో మొదటి మూడేళ్లు ఇలాంటి కాగితాలతోనే పోయాయి. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

తమ్ముడూ, తప్పు నీలో లేదు. ఆ ప్లాన్‌లో ఒక్కో భాగానికి వారంలో ఒక్కటే రోజు. ఆ రోజు తప్పితే ఆ భాగానికి పద్నాలుగు రోజులు పని ఉండదు. నీ కాళ్లకు జరిగింది అదే. అదే వారానికి మూడు రోజులు, మూడు రోజులూ ఒళ్లంతటికీ చేసే ప్లాన్ అనుకో. ఒక రోజు తప్పినా కాళ్లకు రెండుసార్లు, ఛాతీకి రెండుసార్లు, వీపుకి రెండుసార్లు పని పడుతుంది. మనలాంటి ఉద్యోగస్తుల వారంలో ఏదో ఒకటి తప్పడం ఖాయం. కాబట్టి తప్పినా కూలిపోని ప్లానే మంచి ప్లాన్.

రెండో సంగతి. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకు మొదటి నెలల్లో బలం పెరిగేది ఎక్కువగా నరాలూ కండరాలూ ఆ కదలికకు అలవాటు పడటం వల్లే. స్క్వాట్, అంటే బరువు మోస్తూ కూర్చుని లేవడం, నేర్చుకోవలసిన విద్య. వారానికోసారి సైకిల్ తొక్కితే ఎవరికి వస్తుంది? వారానికి మూడుసార్లు తొక్కితే నెలలో వచ్చేస్తుంది.

మూడోది, నలభై నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద అలిసిపోయాక బెంచ్ మీద పడుకుంటే 35 దగ్గర ఆగక ఏమవుతుంది? బలం కావాలంటే వెయిట్స్ ముందు, కార్డియో తర్వాత, లేదా అసలు వేరే రోజు. వెయిట్స్‌కి ముందు ఒళ్లు వేడెక్కడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఖాళీ బార్‌తో ఒక సెట్, అంటే ఆగకుండా వరసగా కొన్నిసార్లు ఎత్తడం.

చెస్ట్‌డే_సోమవారం
ఇనుపకడ్డీ గారితో నేను ఒప్పుకోను. ఐదేళ్లుగా స్ప్లిట్ (రోజుకో భాగం) చేస్తున్నాను, వారానికి ఐదు రోజులు. నాకు బాగానే పనిచేసింది. ఒకే రోజు కాళ్లూ ఛాతీ వీపూ అన్నీ చేస్తే దేనికీ న్యాయం జరగదు. ఛాతీకి నాలుగు రకాలు చేస్తే ఆ పంప్ వేరు. ఫుల్ బాడీ అనేది స్కూల్లో డ్రిల్ లాంటిది.

ఇనుపకడ్డీ
మీకు పనిచేసిందంటే నమ్ముతాను, మీరు ఐదు రోజులూ వెళ్తున్నారు కాబట్టి. చివరికి లెక్కకు వచ్చేది ఒక కండరానికి వారం మొత్తంలో ఎన్ని గట్టి సెట్లు పడ్డాయన్నది. పది సెట్లు అనుకోండి. మీరు పదీ సోమవారమే చేస్తారు, ఈ అబ్బాయి నాలుగు, మూడు, మూడు చేస్తాడు. ఫలితంలో పెద్ద తేడా రాదు. కానీ మీ పదిలో చివరి నాలుగు సెట్లు చేతులు వణుకుతుండగా చేసినవి. అతని సెట్లన్నీ ఓపిక ఉన్నప్పుడు చేసినవి. కొత్తవాళ్లకు ఆ తేడా పెద్దది.

పంప్ అంటే కండరంలోకి రక్తం చేరి ఉబ్బడం. గంటలో పోతుంది. దాన్ని కొలతగా పెట్టుకోవద్దని నా మనవి.

అగరచెరువు_పరుగు
వెయిట్స్ వాళ్లు ఎక్కువైపోయారు, పరుగు తరఫున నేనొక్కడినే వచ్చాను.

కార్డియోని వేడెక్కడానికి ఐదు నిమిషాలు అని తోసేయకండి. ఈ తమ్ముడికి కొలెస్ట్రాల్ ఉంది, 10కె కోరిక ఉంది. గుండెకు వేరే పని కావాలి. కానీ ట్రెడ్‌మిల్ మీద రోజూ నలభై నిమిషాలు ఒగర్చుకుంటూ చేయడం తప్పు. పరుగులో మూడొంతులు మాట్లాడుకుంటూ వెళ్లగలిగేంత నెమ్మదిగా ఉండాలి. పక్కనున్న వాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. కొత్తల్లో అది నడకకూ పరుగుకూ మధ్య ఉంటుంది, సిగ్గుపడకూడదు. నేను మొదటి రెండు నెలలూ అగర చెరువు చుట్టూ ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చేశాను. పెద్దాయనలు నన్ను దాటి వెళ్లిపోయేవారు. ఇప్పుడు వాళ్లే పలకరిస్తారు.

వాచీలో గుండె వేగం చూసి భయపడేవాళ్లకు ఒక మాట. 220 లోంచి వయసు తీసేసే సూత్రం ఉజ్జాయింపు మాత్రమే, మనిషికీ మనిషికీ పది, పన్నెండు తేడా రావచ్చు. మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే నమ్మకమైన కొలత.

లెక్కలమాస్టారు
అంకెలు కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు ఉన్నాయి. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం. దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని. చాలామంది మొదటి సగమే చదివి నడకతో సరిపెట్టుకుంటారు, జిమ్ వాళ్లు రెండో సగంతో సరిపెట్టుకుంటారు. రెండూ కావాలి.

ఇక "కార్డియో చేస్తే కండ పోతుంది" అన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 1980లో హిక్సన్ అనే అమెరికా పరిశోధకుడు మూడు గుంపులతో పది వారాలు పరీక్ష చేశాడు. ఒక గుంపు వారానికి ఐదు రోజులు బలం కోసం, ఇంకో గుంపు ఆరు రోజులు దమ్ము కోసం, మూడో గుంపు రెండూ. రెండూ చేసిన వాళ్లకు ఏడు వారాల దాకా బలం బాగానే పెరిగింది, తర్వాత ఆగి, చివరి రెండు వారాల్లో తగ్గింది. వాళ్ల దమ్ముకు మాత్రం ఏ లోటూ రాలేదు.

ఆ మూడో గుంపు చేసింది వారానికి ఐదు బలం సెషన్లు, ఆరు కార్డియో సెషన్లు, మొత్తం పదకొండు. మన చిన్నోడి కాగితం చూడండి: ఆరు వెయిట్స్, ఆరు ట్రెడ్‌మిల్, పన్నెండు! మూడు వెయిట్స్, మూడు నెమ్మది కార్డియో చేసేవాళ్లు ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

హెచ్‌ఎస్‌ఆర్_చిన్నోడు
మాస్టారూ, పన్నెండు అని చూసేసరికి గుండె తేలికపడింది. నేనే బద్ధకస్తుణ్ణనుకున్నాను.

ఫిజియో_అక్క
మోకాలి సంగతి ఎవరూ ఎత్తలేదేం? చిన్నోడూ, వాపు ఉందా? మోకాలు బిగుసుకుపోవడం, నడుస్తుంటే పట్టు తప్పినట్టు అనిపించడం ఉందా? ట్రెడ్‌మిల్ ఏటవాలు పెట్టి చేస్తున్నావా?

హెచ్‌ఎస్‌ఆర్_చిన్నోడు
వాపు లేదు అక్కా. బిగుసుకోవడం లేదు. ట్రెడ్‌మిల్ ఏటవాలు 8 పెట్టమన్నారు, అలాగే పెట్టాను. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు నొప్పి.

ఫిజియో_అక్క
వాపు, బిగుసుకోవడం ఉంటే ఇక్కడ అడగకుండా నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నువ్వు చెప్పేది మాత్రం నేను వారంలో పదిమందిలో చూసేదే. కూర్చునే ఉద్యోగం, ఒక్కసారిగా వారానికి నాలుగు గంటలు ఏటవాలు ట్రెడ్‌మిల్, తొడలకూ పిరుదులకూ మాత్రం బలం పనే లేదు. చిప్ప వెనక భాగం ఆ భారానికి ఓర్చుకోలేక చెబుతోంది.

దీనికి మందు కాళ్ల పని మానేయడం కాదు. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలుచుకో. వ్యాయామంలో మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే బరువు తగ్గించు, లోతు తగ్గించు. ముందు పీట లాంటి బాక్స్ మీద కూర్చుని లేచే స్క్వాట్, రెండు చేతుల్లో డంబెల్స్‌తో. కుదిరితే ట్రెడ్‌మిల్ బదులు రెండు వారాలు సైకిల్. ఆ రెండు వారాల్లో తగ్గుముఖం పట్టకపోతే ఎవరికైనా చూపించుకో, లాగొద్దు.

ఇద్దరు_పిల్లల_తల్లి
చిన్నోడి ప్రశ్న మధ్యలో నాది ఇరికిస్తున్నాను, ఏమీ అనుకోకండి. నాకు 36. జిమ్‌లో చేరితే "మేడమ్, మీకు కార్డియో, జుంబా చాలు, వెయిట్స్ చేస్తే మగవాళ్లలా అయిపోతారు" అని రెండు కిలోల డంబెల్ ఇచ్చారు. పదిహేను కిలోల పిల్లాడిని చంకనెత్తుకుని రోజూ మూడో అంతస్తు ఎక్కుతాను. నీళ్ల క్యాన్ నేనే డిస్పెన్సర్ మీదికి ఎత్తుతాను. రెండు కిలోలతో నాకేం వస్తుంది?

పలాస_జీడిపప్పు
అక్కా, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మా శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 110 కిలోలు స్నాచ్, 130 కిలోలు క్లీన్ అండ్ జెర్క్, మొత్తం 240 ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని చెప్పుకునే కోడి రామమూర్తి నాయుడు గారిదీ మా వైపే. మీకు రెండు కిలోలు ఇచ్చిన ఆ ట్రైనర్‌కి మా జిల్లా తరఫున ఈ మాట చెప్పండి.

ఫిజియో_అక్క
పలాస తమ్ముడి మాటకు నా మాట కలుపుతున్నాను. ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ మగవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ, అనుకోకుండా కండలు పొంగిపోవడం జరగదు. మెనోపాజ్ తర్వాత ఎముకల సాంద్రత వేగంగా పడిపోతుంది. ముప్పైల్లో ఎత్తిన బరువు అప్పుడు అక్కరకొస్తుంది. ఖాళీ బార్ 20 కిలోలు, మీరు ఎత్తే 20 లీటర్ల నీళ్ల క్యానూ అంతే. అక్కడి నుంచే మొదలుపెట్టండి. జిమ్‌కి కుదరని రోజు ఇంట్లో డంబెల్స్‌తో అరగంట చాలు. వారానికి రెండుసార్లు చేసినా మార్పు తెలుస్తుంది.

హెచ్‌ఎస్‌ఆర్_చిన్నోడు
ఇనుపకడ్డీ అన్నా, ఇప్పుడు రోజులతో సహా చెప్పండి. ఆఫీసు రోజుల్లో పొద్దున తొమ్మిదింపావుకి బయలుదేరితే రాత్రి ఎనిమిది అవుతుంది. పొద్దున ఆరున్నరకు జిమ్‌కు వెళ్లగలను, సాయంత్రం మీద నాకే నమ్మకం లేదు.

ఇనుపకడ్డీ
సాయంత్రం మీద నమ్మకం లేదని ఒప్పుకున్నావు, సగం పని అయిపోయింది. అంతా పొద్దునే పెడదాం.

సోమవారం ఇంటి నుంచి పని కాబట్టి ఆ రోజు పెద్ద పని: స్క్వాట్ (ఫిజియో అక్క చెప్పినట్టు బాక్స్‌తో), బెంచ్ ప్రెస్, కూర్చుని లాగే కేబుల్ రో, ప్లాంక్. బుధవారం ఆఫీసు ఉంది, అయినా ఆరున్నర నుంచి ఏడున్నర దాకా సరిపోతుంది: రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నడుము దగ్గర వంగి బార్‌ను కిందికి దించి లేవడం), భుజాల ప్రెస్, లాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని ఛాతీ దాకా లాగడం), చివర్లో పది దండీలు. శనివారం: డంబెల్ బెంచ్, డంబెల్ రో, తేలికగా లంజెస్ (ఒక కాలు ముందుకు వేసి కిందికి దిగి లేవడం), ఓపిక ఉంటే చేతులకు రెండు సెట్లు. అద్దం ముందు బైసెప్స్ చేసుకోవాలని అందరికీ ఉంటుంది, అది శనివారానికి ఉంచుకో.

ప్రతిదీ మూడు సెట్లు. సెట్‌కి ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్, అంటే అన్నిసార్లు ఎత్తడం. ఇంకో రెండు లేపగలననిపించినప్పుడే ఆపాలి, ముక్కుతూ మూలుగుతూ చివరిదాకా పోనక్కర్లేదు. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలూ ఫోన్ చూస్తే ఐదవుతాయి. మూడు సెట్లలోనూ పన్నెండు వస్తే తర్వాతిసారి రెండున్నర కిలోలు కలుపు, అంటే బార్‌కి చెరో వైపు 1.25 ప్లేటు. మళ్లీ ఎనిమిదికి పడిపోతావు, మళ్లీ పన్నెండుకు ఎక్కుతావు. ఒక నోటుబుక్కు పెట్టి రాసుకో. మర్చిపోతానేమో అనుకోకు, మర్చిపోతావు.

కార్డియో మంగళవారం, శుక్రవారం చెరో అరగంట, ఆదివారం గంట. వెయిట్స్ రోజుల్లో చివర పది నిమిషాలు సైకిల్. కలిపితే మాస్టారు చెప్పిన 150 నిమిషాలు సరిగ్గా అయ్యాయి. గురువారం ఏమీ వద్దు, నిద్రపో.

అన్నిటికంటే ముఖ్యం, వెయిట్స్‌కి వారాల పేర్లు తీసేయ్. ఒకటి, రెండు, మూడు అని రాసుకో. బుధవారం తప్పి గురువారం వెళ్తే రెండు చెయ్యి. వారమంతా తప్పితే వచ్చే సోమవారం కూడా రెండే చెయ్యి. బాకీలు తీర్చడం ఉండదు, వరస మాత్రం తప్పదు.

అగరచెరువు_పరుగు
శనివారం లంజెస్ చేసి ఆదివారం గంట పరుగా? కాళ్లు చెక్కలైపోతాయి. కండరాల నొప్పి ఎక్కువయ్యేది ఒకటి రెండు రోజుల తర్వాతే. 10కె కోసం చేసే పొడవాటి పరుగు ఆదివారమే కదా.

ఇనుపకడ్డీ
అందుకే తేలికగా అన్నాను. అయినా మీ మాట సరైనదే. శనివారం కాళ్ల పని పూర్తిగా తీసేసి, బుధవారం రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ పక్కన లంజెస్ పెడదాం. చిన్నోడూ, మార్చుకో.

అగరచెరువు_పరుగు
ఇప్పుడు బాగుంది. ఆదివారం పొద్దున కబ్బన్ పార్కుకు రా, లోపలి రోడ్ల మీదికి ఆ రోజు బండ్లను రానివ్వరు. చెట్ల నీడ, మెత్తటి మట్టిదారి, ఆయాసం తెలియకుండా గంట గడిచిపోతుంది. లాల్‌బాగ్ కూడా మంచిదే, కాకపోతే బండ ఎక్కే ఆశ పడకు, మోకాలు కుదుటపడేదాకా. అవుటర్ రింగ్ రోడ్డు పక్క ఫుట్‌పాత్ మీద మాత్రం పరిగెత్తొద్దు, ఆ పొగలో దమ్ము పెరగడం మాట అటుంచి దగ్గు వస్తుంది.

వానాకాలం సాయంత్రాలు మనవి కావు. మే నుంచి అక్టోబరు దాకా నాలుగు దాటితే మబ్బు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. పొద్దున పెట్టుకున్నది అందుకే కలిసొస్తుంది.

మారతహళ్లి_పీజీ
ప్లాన్ బాగుంది, తిండి సంగతి? మా పీజీలో సాంబారులో పప్పు వెతుక్కోవాలి. పొద్దున ఇడ్లీ లేదా పులిహోర, రాత్రి చపాతీ, బంగాళాదుంప కూర. ప్రోటీన్ ఎక్కడి నుంచి తేవాలి? నెలకి మూడు వేలు పెట్టి ప్రోటీన్ పొడి డబ్బా కొనే స్తోమత లేదు.

రాగిసంకటి
నాలుగేళ్లు పీజీలోనే ఉండి చేశాను, చెబుతా విను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్. వెయిట్స్ చేసేవాళ్లకు 1.6 దాకా ఉపయోగం ఉంటుంది. అదనపు కొవ్వు ఉన్నవాళ్లు ఉన్న బరువుకు కాకుండా చేరాలనుకున్న బరువుకు లెక్క కట్టాలి. చిన్నోడు 72కి దిగాలనుకుంటే 115 గ్రాముల చుట్టుపక్కల.

నాలుగు గుడ్లకి 24 గ్రాములు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఉడకబెట్టుకోవచ్చు, పీజీ ఆంటీకి ముందు చెప్పు. సోయా చంక్స్ 50 గ్రాములకి 26, వేడినీళ్లలో నానబెట్టి పిండి వాళ్లిచ్చే కూరలో కలిపెయ్. అర లీటరు పాలకి 16. గిన్నెడు పెరుగుకి ఆరేడు. ఇక్కడికే 70 దాటింది. నానబెట్టిన పెసలు, సెనగలు గుప్పెడు, ఆదివారం చికెన్, రోజూ తినే అన్నం చపాతీల్లోంచి వచ్చేది కలిపితే దగ్గరికి వచ్చేస్తావు. పల్లీలు మంచివే కానీ వాటిలో ప్రోటీన్ కంటే నూనె ఎక్కువ, బరువు తగ్గాలనుకుంటే చూసుకుని తిను.

ఉలవచారు పేరు చెప్పి జనం మోసపోతారు. చారులో ప్రోటీన్ తక్కువ, ఉడికిన ఉలవల్లో ఉంటుంది. గుగ్గిళ్లు తిను.

మారతహళ్లి_పీజీ
కెటిల్‌లో గుడ్లు! ఇన్నాళ్లు మ్యాగీ ఒక్కటే చేసుకున్నాను. థ్యాంక్స్ అన్నా.

షుగర్_కంట్రోల్
నాకు 49, ఎనిమిదేళ్లుగా మధుమేహం. కుర్రాళ్ల చర్చలో నాలాంటి వాళ్లు కూడా చదువుతుంటారని రాస్తున్నాను. గతంలో నడక ఒక్కటే చేసేవాణ్ణి. ఏడాదిన్నర కిందట వారానికి రెండు రోజులు వెయిట్స్ మొదలుపెట్టాను. కండరమే గ్లూకోజును ఎక్కువగా దాచుకునే చోటు, పని చేసిన కండరం రక్తంలోంచి దాన్ని లాక్కుంటుందని మా డాక్టరు చెప్పారు. నా విషయంలో మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.9 శాతం నుంచి 7.0కి వచ్చింది. రాత్రి భోజనం అయ్యాక పావుగంట నడక కూడా వదల్లేదు.

జాగ్రత్తలు రెండు. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకు వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు, డాక్టరును అడిగి మోతాదు చూసుకుని మొదలుపెట్టండి, జేబులో గ్లూకోజు ఉంచుకోండి. బీపీ ఉన్నవాళ్లు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, ఎత్తేటప్పుడు వదలండి. ఛాతీలో పట్టేసినట్టు ఉంటే ఆ సెట్ పూర్తి చేద్దామన్న పట్టుదల వద్దు.

ఇద్దరు_పిల్లల_తల్లి
షుగర్ గారూ, మీ పోస్టు మా నాన్నగారికి చదివి వినిపించాను. రేపటి నుంచి కుర్చీలో కూర్చుని లేవడం పదిసార్లు చేస్తానన్నారు.

చెస్ట్‌డే_సోమవారం
ఇన్ని పోస్టులు చదివాక ఒక సంగతి ఒప్పుకుంటున్నాను. నా ఐదు రోజుల ప్లాన్ నాకు పెళ్లి కాకముందు మొదలైంది. బాబు పుట్టాక ఈ ఆరు నెలల్లో ఏ వారమూ ఐదు రోజులు వెళ్లలేదు, కాళ్ల రోజే ప్రతిసారీ ఎగిరిపోయింది. స్ప్లిట్ మంచిదేనన్న మాట మీదే ఉన్నాను, కానీ ఈ ఏడాదికి మూడు రోజుల పద్ధతి చూస్తాను.

చిన్నోడికి నా అనుభవంలోంచి ఒకటి. ఆరేడు వారాలకోసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గించు. నేను మొండిగా పోయి భుజం పట్టేయించుకుని రెండు నెలలు పోగొట్టుకున్నాను. నిద్ర ఆరు గంటల కంటే తక్కువైన రోజు బరువు పెంచకు.

ఇనుపకడ్డీ
బాబుకి దీవెనలు. తగ్గించే వారం సంగతి నేనే మర్చిపోయాను, బాగా గుర్తుచేశారు.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
చిన్నోడూ, రెండు నెలలయ్యాక వచ్చి ఏమైందో చెప్పాలి. ఇలాంటి చర్చల్లో అడిగినవాళ్లు మళ్లీ కనబడరు.

హెచ్‌ఎస్‌ఆర్_చిన్నోడు
వచ్చాను. తొమ్మిది వారాలైంది.

మూడు వెయిట్స్ రోజులూ పూర్తయిన వారాలు ఐదు. మూడు వారాలు రెండేసి రోజులే కుదిరాయి. ఒక వారం ఊళ్లో పెళ్లి, విజయవాడ వెళ్లాను, ఒక్కరోజూ లేదు. తిరిగొచ్చాక నంబరు రెండు దగ్గర ఆగి ఉంది, అక్కడి నుంచే ఎత్తుకున్నాను. ఇదివరకైతే ఆ ఒక్క వారంతో జిమ్ మానేసేవాణ్ణి.

బెంచ్ 35 నుంచి 45. బాక్స్ స్క్వాట్ డంబెల్స్‌తో మొదలుపెట్టి ఇప్పుడు బార్‌తో 50. బరువు 84 నుంచి 81.5 అయ్యింది, అది నెమ్మదే కానీ ప్యాంటు నడుము దగ్గర వదులైంది. ట్రెడ్‌మిల్ మీద రెండు వారాలు ఎక్కలేదు, సైకిలే. తర్వాత అగర చెరువు దగ్గర ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మొన్న ఆదివారం కబ్బన్ పార్కులో ఆగకుండా ఐదు కిలోమీటర్లు, 39 నిమిషాలు. మొత్తం మాట్లాడుకుంటూనే వెళ్లాను, పక్కన అగరచెరువు అన్న ఉన్నారు.

ట్రైనర్ మొదట్లో నా నోటుబుక్కు చూసి ఏమీ అనలేదు. పోయిన వారం వచ్చి "ఒకటి, రెండు, మూడు అంటే ఏంటి సార్" అని అడిగాడు. కూర్చోబెట్టి చెప్పాను. అతనూ రోజుకు పన్నెండు గంటలు అక్కడే నిలబడతాడు, ఎవరో ఇచ్చిన కాగితమే మనకిస్తున్నాడు.

అగరచెరువు_పరుగు
ఐదు కిలోమీటర్లలో నాలుగో కిలోమీటరంతా మెట్రో పనుల గురించే మాట్లాడాడు, నేను సాక్షిని. ఇక ఆదివారం పరుగు వారానికి ఐదు నిమిషాలే పెంచు, ప్రతి నాలుగో వారం తగ్గించు. తొందరేం లేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
నాది కూడా రాస్తాను. జిమ్ మారాను. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 40 కిలోలు, మూడు సెట్లు. మా నాన్నగారు కుర్చీలోంచి లేవడం ఇరవైకి వచ్చారు, మధ్యలో రెండుసార్లు ఆగి.

ఫిజియో_అక్క
మోకాలు ఎలా ఉంది చిన్నోడూ? అదొక్కటి రాయలేదు.

హెచ్‌ఎస్‌ఆర్_చిన్నోడు
రాయాలని గుర్తే రాలేదు అక్కా. నిన్న మా బిల్డింగులో లిఫ్ట్ ఆగిపోయింది. కింద దించి వెళ్లిపోయిన నీళ్ల క్యాన్‌ని నాలుగో అంతస్తుకి నేనే మోశాను, పై ఇంటి పెద్దావిడది కూడా. అంటే మెట్లు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగాను. ఇప్పుడు మీరు అడిగాక చిప్ప మీద చెయ్యి వేసి చూసుకున్నాను, ఏమీ లేదు.